డయల్ టోన్ నుంచి కనెక్షన్ దాకా

డయలప్ ఇంటర్నెట్ నడిచింది మాటలు మోసే టెలిఫోను తీగ మీదే. విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో మొదలుపెట్టిన ఈ సేవ, తర్వాత బీఎస్ఎన్ఎల్ సంచార్‌నెట్ రూపంలో చిన్న ఊళ్లకు చేరింది. ఒక నంబరుకు డయల్ చేస్తే సరిపోయేది. అయితే అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న నూజెండ్ల లాంటి పల్లె మండలాల్లో ఎక్స్ఛేంజి నుంచి ఇంటిదాకా తీగ స్తంభాల మీదుగా చాలా దూరం రావాల్సి ఉండేది. అందుకే కనెక్షన్ కుదరనప్పుడు తప్పు కంప్యూటరులోనే ఉందనుకోవడానికి వీలుండేది కాదు.

లోపం వెతకడానికి మొదటి పరికరం చెవి. కంప్యూటరును ఫోను తీగకు కలిపే మోడెం స్పీకరులో ముందు డయల్ టోన్, వెనకే అంకెల కుయ్‌కుయ్‌లు వినిపిస్తాయి. అవతలి మోడెం ఎత్తగానే 2100 హెర్ట్‌జ్ సన్నని కూత వస్తుంది. ప్రతిధ్వనిని అణిచే పరికరాలను ఆపమని దారిలోని టెలిఫోను వ్యవస్థకు అది సంకేతం. తర్వాతి బరబర రొదలో రెండు మోడెంలూ తీగ ఏ స్వరాలను మోయగలదో, వేటిని మింగేస్తుందో కొలుచుకుంటాయి. ఆ రొద ఎంతకీ తెమలకపోతే లైనునే అనుమానించాలి.

విండోస్ చూపే ఎర్రర్ అంకెలూ దారి చెప్పేవి. 676 అంటే లైను బిజీ. 678 అంటే అవతలి నుంచి జవాబు లేదు. 691 వస్తే యూజర్ నేమో, పాస్‌వర్డో తప్పు. 680 అంటే మోడెంకు డయల్ టోన్ వినపడలేదు. ఫోనులో టోన్ చక్కగా ఉన్నా ఇదే వస్తుంటే, మోడెం ఎదురుచూసే టోన్ ఒకటి, మన ఎక్స్ఛేంజి పంపేది మరొకటి కావచ్చు. మోడెం ప్రాపర్టీస్‌లో ఎక్స్‌ట్రా సెట్టింగ్స్ గడిలో ‘ఎక్స్3’ అని కొడితే టోన్ కోసం ఆగకుండా డయల్ చేస్తుంది. ఈ చిన్న కిటుకు తెలియక మంచి మోడెంను మార్చేయడం శుద్ధ దండగ.

కుదిరిన కనెక్షన్ మధ్యలో తెగిపోతే ముందుగా పారలల్ ఫోను చూడాలి. పక్క గదిలో ఎవరు రిసీవరు ఎత్తినా అంతే. కాల్ వెయిటింగ్ బీప్ కూడా అంత పనీ చేస్తుంది. ఆ తర్వాత రిసీవరు ఎత్తి, ఒక్క అంకె నొక్కి, టోన్ పోయాక వచ్చే నిశ్శబ్దాన్ని వినాలి. గరగరమంటే ఎక్కడో అతుకు వదులైంది, లేదా తడిసింది. ఇక 198కి ఫిర్యాదు చేసి లైన్‌మన్ కోసం చూడాల్సి వచ్చేది.

లైను బాగున్నా వేగం తగ్గితే, కారణం ఎక్స్ఛేంజిలో ఉండొచ్చు. 1998లో వచ్చిన వీ.90 మోడెం సెకనుకు 56 కిలోబిట్లు అందుకోవాలంటే, సర్వీసు కేంద్రం నుంచి వచ్చే దారిలో డిజిటల్ నుంచి అనలాగ్‌కు మార్పు ఒక్కసారే జరగాలి. అంతకుమించితే 33.6 దగ్గరే ఆగేది. ఆ వేగంతో ఒక మెగాబైటు ఫైలుకు నాలుగు నిమిషాలు పడుతుంది. మూడో నిమిషంలో లైను తెగితే చాలాసార్లు మళ్లీ మొదటి నుంచే. కాల్ చార్జీ మాత్రం పడిపోయినట్టే.

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ఫోను, నెట్ ఒకేసారి నడిచాయి. డయల్ చేసే పని పోయింది. తీగ మాత్రం అదే రాగితీగ. అతుకు తడిస్తే అదీ తెగిపోయేది, మళ్లీ 198కే ఫోను చేయాల్సి వచ్చేది.