రాబిన్సన్ పార్కు ఫలకం మీద పేచీ

సిటీ హాలు ఎదుట, మాస్ (మసాచుసెట్స్) వీధి మొదట్లోని రాబిన్సన్ పార్కులో నిలిచిన ఎర్రబండను కాన్సాస్‌లోని లారెన్స్ ఊళ్లో ఎరగనివారు లేరు. అది కా అనే స్థానిక అమెరికన్ తెగవారు కొలిచే రాయి. దగ్గర్లోని టొపీకా ఊరివాళ్లు దాన్ని తమ స్మారకానికి వాడుకోవాలని చూస్తుండగా, 1929లో లారెన్స్ పెద్దలు ముందే ఎత్తుకొచ్చేశారు. 1854లో ఊరు కట్టినవారిని పొగుడుతూ దానికో ఫలకం బిగించారు. పొగడ్త ఒకరికి, రాయి ఇంకొకరిది! 2021లో నగర పాలకులు క్షమాపణ చెప్పారు. 2023లో బండ పార్కు వదిలి, కౌన్సిల్ గ్రోవ్ దగ్గరున్న కా తెగ సొంత నేలకు ప్రయాణం కట్టింది.

బండ పోయినా పేచీ పోలేదు. ఆ తొలి వలసదారులు బానిసత్వాన్ని ఆపడానికి వచ్చారా, భూమికా?

కాన్సాస్‌లో బానిసత్వం ఉండాలా వద్దా అన్న నిర్ణయాన్ని కాన్సాస్-నెబ్రాస్కా చట్టం స్థానికుల ఓటుకే వదిలేసింది. దాంతో మసాచుసెట్స్‌లో ఎలై థేయర్ వలసల కంపెనీ పెట్టాడు. 1854 ఆగస్టు 1న 29 మందితో మొదటి జట్టు దిగింది. డబ్బిచ్చిన ఏమోస్ లారెన్స్ పేరు ఊరికి దక్కింది. మరుసటి మార్చి ఎన్నికల్లో పక్కనున్న బానిస రాష్ట్రం మిస్సోరీ నుంచి గుంపులు దిగాయి. ఓటర్లు 2,905 మంది, పడిన ఓట్లు 6,307! అప్పుడే వలసదారుల నాయకుడు ఛార్లెస్ రాబిన్సన్ తుపాకులు కావాలని బోస్టన్‌కు మనిషిని పంపాడు. షార్ప్స్ రైఫిళ్లు ‘పుస్తకాలు’ అని రాసిన పెట్టెల్లో వచ్చాయి.

1892లో రాసిన పుస్తకంలో రాబిన్సన్ బానిసత్వాన్ని ఆపిన విజయాన్ని తన జట్టు ఖాతాలో వేసుకుని, బానిసత్వం మీద ఆయుధం పట్టిన జాన్ బ్రౌన్‌ను చిన్నబుచ్చాడు. ఆయన పేరే పార్కుకు ఉంది కదా అని ఆయన మాటే వేదం అనుకోనక్కర్లేదు. 1855 డిసెంబరులో బానిసత్వ వ్యతిరేకుల టొపీకా రాజ్యాంగం మీద ఓటింగ్ జరిగింది. అసలు నల్లవారినే రానివ్వకూడదన్న షరతుకు 1,287 మంది ఔనన్నారు, 453 మంది కాదన్నారు. ఈ లెక్క ఫలకం మీద లేదు. బానిసలు వద్దన్న చాలామందికి నల్ల పొరుగువాడూ వద్దు.

అయితే ‘అంతా భూమి కోసమే’ అనే కొత్త రచయితల మాటా ఊరికి అన్యాయమే. భూమి ఒక్కటే కావాలంటే సర్దుకుపోవడం తేలిక. 1856 మే 21న బానిసత్వ పక్షపు షెరిఫ్ జోన్స్ ముఠా ఫ్రీ స్టేట్ హోటల్‌ను తగలబెట్టి, రెండు పత్రికల అచ్చు అక్షరాలను నదిలో పోసింది. ఊరు కదల్లేదు. 1863 ఆగస్టు 21 తెల్లవారుజామున మిస్సోరీ గెరిల్లా నాయకుడు క్వాంట్రిల్ తన ముఠాతో వచ్చి, 150 మందికి పైగా మగవాళ్లను, పిల్లకాయలను చంపి పోయాడు. అది మిస్సోరీలోని ఆసియోలా ఊరి దోపిడీకి ప్రతీకారమని కొన్ని మిస్సోరీ పుస్తకాలు సమర్థిస్తాయి. ఆసియోలాను 1861లో కాన్సాస్ సేనల నాయకుడు లేన్ దోచిన మాట నిజమే. దానికి లారెన్స్ ఇళ్ల గుమ్మాల్లో నిరాయుధులను కాల్చడం ఏ లెక్కన సరిపోతుంది?

పార్కులో కొత్త ఫలకం పెడితే 29 మంది పేర్ల పక్కన ఆ 1,287 ఓట్లనూ చెక్కాలి. 1825 ఒప్పందంతో ఈ నేల పోగొట్టుకుని, 1873లో ఓక్లహోమా వైపు తరలించబడ్డ కా తెగ సంగతికి మాత్రం వేరే ఫలకమే కావాలి. ఆ మాటలు వాళ్లే రాసుకోవాలి.