గంటలో కుట్టిన గౌను

ఫ్లాపర్, అంటే 1920ల కొత్త పోకడ అమ్మాయి, అనగానే హాలీవుడ్ మన కళ్ళకు కట్టే బొమ్మ ఒకటుంది. తొడల మీద ఊగే కుచ్చుల గౌను, బొడ్డు దాకా ముత్యాల దండ, చేతిలో పొడవాటి సిగరెట్ గొట్టం. ఆ గౌను సగం కల్పనే. 1923లో ఫ్యాషన్ గౌన్లు ఇంకా చీలమండల దాకా వేలాడుతున్నాయి. అంచు మోకాలి దాకా ఎక్కింది 1926-27లో, అప్పుడు కూడా మోకాలు కనిపించేది నాట్యం చేస్తున్నప్పుడో, కుర్చీలో కూర్చున్నప్పుడో. పొడవు గురించి పత్రికలు గోల చేశాయి గానీ అసలు మార్పు నడుము దగ్గర జరిగింది.

అంతకు ముందు నడుమును బిగించేది కార్సెట్. పారిస్‌లో పాల్ పోయిరే మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే దాన్ని పక్కనపెట్టి గౌన్లు కుట్టాడు. అవి వేసుకున్నది మాత్రం డబ్బున్న కొద్దిమందే. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగాక, కార్సెట్లలోని ఉక్కు యుద్ధానికి కావాలి, కొత్తవి కొనవద్దని ప్రభుత్వమే ఆడవాళ్ళను కోరింది. ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో పనికి వెళ్తున్న ఆడవాళ్ళకు ఎలాగూ అవి అడ్డమే. యుద్ధం నడుస్తుండగానే పారిస్ డిజైనర్ కోకో షనెల్ మగవాళ్ళ లోదుస్తులకు వాడే జెర్సీ గుడ్డతో గౌన్లు కుట్టి అమ్మింది. 1926లో ఆమె సాదా నల్ల గౌను బొమ్మ వేసిన వోగ్ పత్రిక, దాన్ని ఫోర్డ్ కారుతో పోల్చింది. నిజానికి షనెల్ గౌను ధర ఏ టైపిస్టుకూ అందేది కాదు. అందరికీ అందింది దాని కత్తిరింపు.

కుట్టుపని తెలిసినవాళ్ళకు ఆ కత్తిరింపు మహిమ వెంటనే తెలిసిపోతుంది. పాత గౌనుకు ఒంటికి అతికేలా బోలెడు ముక్కలు, డార్ట్‌లు, విడిగా అతికే చేతులు, వెనక వరసగా హుక్కులు. కొత్త గౌను ఒక గొట్టం. గుడ్డను భుజాల దగ్గర మడిచి, మెడకు చోటు కత్తిరించి, రెండు పక్కలా తిన్నగా కుట్టేస్తే చాలు. చేతులు అదే గుడ్డలోంచి వస్తాయి, నడుము తుంటి మీదికి జారిపోతుంది, తల మీంచి తొడుక్కోవడమే. పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో పోస్టు ద్వారా కుట్టుపని నేర్పే సంస్థను నడిపిన మేరీ బ్రూక్స్ పికెన్, 1920ల నడుమ ‘గంటలో గౌను’ అనే పద్ధతిని ప్రచారం చేసింది. మిషన్ మీద చెయ్యి తిరిగితే గంటలో అయిపోతుందని ఆమె హామీ. సరిగ్గా ఆ కొలతల్లేని ఆకారమే రెడీమేడ్ వ్యాపారానికీ కలిసొచ్చింది. ఒంటికి అతకనక్కర్లేని గౌను ఎవరికైనా సరిపోతుంది కదా. పట్టు మేజోళ్ళు కొనలేని పిల్లకు రేయాన్ మేజోళ్ళు దొరికాయి.

కొన్నదెవరు? 1920 నాటికి అమెరికాలో ఎనభై లక్షల మందికి పైగా ఆడవాళ్ళు కూలికో జీతానికో పనిచేస్తున్నారు. టైపిస్టులు, టెలిఫోన్ ఆపరేటర్లు, డిపార్ట్‌మెంట్ స్టోరు అమ్మాయిలు వాళ్ళలో ఉన్నారు. ఓటు హక్కు కూడా ఆ ఏడాదే వచ్చింది. నా ఉద్దేశంలో, ఫ్లాపర్ తెగువ గురించి రాసిన పేజీల్లో పదో వంతయినా ఆమె జీతం గురించి రాసి ఉంటే, ఆ కాలం మనకు ఇంకా బాగా అర్థమయ్యేది.

జుట్టు సంగతి గౌను కంటే పెద్ద రభస. నర్తకి ఐరీన్ కాసిల్ యుద్ధం రోజుల్లోనే జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది. 1920లో స్కాట్ ఫిట్జెరాల్డ్ ఒక అమ్మాయి జుట్టు కత్తిరింపు చుట్టూ కథే రాశాడు. ఆడవాళ్ళ సెలూన్లలో చాలామందికి ఆ పని చేతకాదు, చేతనైనా ఇష్టం లేదు. దాంతో అమ్మాయిలు మగవాళ్ళ మంగలి షాపుల్లోకి నడిచారు, అక్కడి గిరాకీలు ముఖం చిట్లించారు. చికాగోలోని మార్షల్ ఫీల్డ్ స్టోరు 1921లో ఇలా జుట్టు కత్తిరించుకున్న, అంటే బాబ్ చేయించుకున్న ఉద్యోగినుల మీద కత్తి దూసింది. దెబ్బ సముద్రం అవతల కూడా తగిలింది: చైనాలోని షాన్‌డాంగ్‌లో, తల వెంట్రుకలతో జుట్టు వలలు అల్లి అమెరికాకు పంపి బతికే ఆడవాళ్ళకు పని తగ్గిపోయింది.

ఇక నాట్యం. చార్ల్‌స్టన్ దక్షిణ కరొలైనా నల్లవాళ్ళ అడుగుల్లోంచి పుట్టి, 1923లో బ్రాడ్‌వేలో ‘రన్నిన్ వైల్డ్’ ప్రదర్శనతో దేశమంతా పాకింది. దానికి సంగీతం కట్టింది జేమ్స్ పి. జాన్సన్. హార్లెంలోని కాటన్ క్లబ్‌లో ఆడేది, పాడేది నల్లవాళ్ళు. చూడడానికి లోపలికి వెళ్ళేది తెల్లవాళ్ళు. 1926లో తెరిచిన సవాయ్ బాల్‌రూంలో మాత్రం ఇద్దరూ ఒకే నేల మీద ఆడారు. పత్రికల్లో అచ్చయిన ఫ్లాపర్ బొమ్మలు దాదాపు అన్నీ తెల్లవే.

కార్సెట్ పోయిందన్నారే గానీ ఒళ్ళు ఊరికే వదిలేయలేదు. గొట్టం గౌనుకు చదునైన ఎద కావాలి, అందుకు పక్కల్లో తాళ్ళతో బిగించే పట్టీలొచ్చాయి. సన్నబడాలి, అందుకు పస్తులు. మిఠాయి బదులు లక్కీ స్ట్రైక్ సిగరెట్ ముట్టించమని 1928లో ప్రకటనలు సలహా ఇచ్చాయి. మరుసటి ఏడాది ఈస్టర్ ఆదివారం న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో కొందరు అమ్మాయిలు స్వేచ్ఛా దివిటీలంటూ సిగరెట్లు వెలిగించి నడిచారు. ఆ ఊరేగింపు ఏర్పాటు చేసింది ప్రచార నిపుణుడు ఎడ్వర్డ్ బెర్నేస్, డబ్బిచ్చింది సిగరెట్ కంపెనీ.

1929 వేసవిలో జాన్ పతూ పారిస్‌లో అంచులు కిందికి దించి, నడుమును మళ్ళీ దాని చోటికి తెచ్చాడు. షేర్ మార్కెట్ పడితే గౌన్లు పొడుగవుతాయని ఇప్పటికీ చమత్కారంగా చెప్పేవాళ్ళున్నారు. మార్కెట్ కూలింది అక్టోబరులో, ఆ గౌన్లు అప్పటికే ప్రదర్శనకొచ్చి వారాలయింది. నాకు తోచే కారణం వేరు. యజమానురాలూ టైపిస్టూ దూరం నుంచి ఒకేలా కనిపిస్తే పారిస్ దర్జీకి గిట్టుబాటు కాదు. తర్వాతి దశాబ్దాన్ని ఏలింది మడలెన్ వియోనే ఏటవాలు కత్తిరింపు: గుడ్డ ఎక్కువ పడుతుంది, చెయ్యి కాస్త తప్పితే అంచు ఒక పక్కకు జారుతుంది.