గొంతు దిగిన ముల్లు: బృహద్ధమనికి ముప్పు

భోజనంలో పొరపాటున మింగిన చేపముల్లు, ఎముక ముక్క వంటివి చాలా సందర్భాల్లో ఏ హానీ చేయకుండా జీర్ణమార్గం గుండా బయటికి వెళ్లిపోతాయి. అయితే మొనదేలిన వస్తువు అన్నవాహికలో చిక్కుకుంటే, అరుదుగానైనా, ప్రాణాంతకమైన రక్తనాళ గాయానికి దారితీస్తుంది.

గుండె నుంచి శరీరమంతటికీ రక్తాన్ని చేరవేసే బృహద్ధమని ఛాతీలో అన్నవాహికకు అతి సమీపంగా సాగుతుంది. ఆ ధమని వంపు తిరిగే చోట అన్నవాహిక సహజంగానే కొంత ఇరుకుగా ఉంటుంది. అక్కడ నిలిచిన ముల్లు గోడను చీల్చుకొని వెళ్లినా, దాని చుట్టూ చేరిన చీము ధమని గోడను బలహీనపరచినా రెండింటి మధ్య రంధ్రం ఏర్పడుతుంది. వైద్య పరిభాషలో దీనిని అయోర్టో ఈసోఫేజియల్ ఫిస్టులా అంటారు.

ఈ స్థితి లక్షణాల క్రమాన్ని 1914లో ఆస్ట్రియాకు చెందిన వైద్య శాస్త్రవేత్త హాన్స్ కియారీ వివరించారు. మొదట ఛాతీలో నొప్పి, తరువాత నోటి నుంచి కొద్దిపాటి ఎర్రని రక్తం కనిపిస్తాయి. ఆపై కొన్ని గంటలు లేదా కొన్ని రోజులు ఏ బాధా ఉండదు. చివరకు తీవ్ర రక్తస్రావం జరుగుతుంది. నడుమ కనిపించే ఉపశమనం స్వస్థత కాదు. గడ్డకట్టిన రక్తం రంధ్రాన్ని తాత్కాలికంగా మూయడమే అందుకు కారణం. చికిత్సకు మిగిలిన వ్యవధి అదే.

ముల్లు గుచ్చుకున్నప్పుడు అన్నం ముద్ద గానీ, అరటిపండు గానీ నమలకుండా మింగించడం మన ఇళ్లలో అలవాటు. దీనివల్ల ముల్లు మరింత లోతుకు దిగవచ్చు. బలవంతంగా వాంతి చేయించడమూ ప్రమాదకరమే.

చేపముళ్లు సాధారణ ఎక్స్‌రేలో తరచుగా కనిపించవు కాబట్టి, అనుమానం ఉంటే వైద్యులు సీటీ స్కాన్ చేయిస్తారు. ముల్లు ధమనిని తాకుతున్నట్లు తేలితే తొందరపడి ఎండోస్కోపీతో లాగివేయరు. ముందుగా శస్త్రచికిత్సకు గానీ, ధమనిలోపల స్టెంట్ అమర్చడానికి గానీ సన్నద్ధమవుతారు.

చిన్నపిల్లల్లో ఇదే ముప్పు బటన్ బ్యాటరీల వల్ల ఎదురవుతుంది. అన్నవాహికలో చిక్కుకున్న బ్యాటరీ 2 గంటల్లోనే కణజాలాన్ని తీవ్రంగా దహించగలదు. దానిని తొలగించిన తరువాత కూడా కొన్ని వారాల వరకు రక్తస్రావం జరిగే అవకాశం ఉంటుంది.

ముల్లు, ఎముక లేదా బ్యాటరీ మింగిన తరువాత ఛాతీ నొప్పి గానీ, ఒక్కసారైనా రక్తపు వాంతి గానీ కలిగితే, అది ఆగిపోయినప్పటికీ, వెంటనే శస్త్రచికిత్స సదుపాయం ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఏ వస్తువు ఎప్పుడు మింగారో వైద్యులకు తప్పక తెలియజేయాలి.