పల్చటి సోల్ పాదరక్షలు: చరిత్ర, మన్నిక

మడమ ఎత్తు, లోపల మెత్త లేకుండా, వేళ్ల దగ్గర వెడల్పుగా ఉండి సులువుగా వంగే పల్చటి బూట్లను ఇప్పుడు బేర్‌ఫుట్ షూస్ అంటున్నారు. పేరు కొత్తదైనా తీరు చాలా పాతది. మనకు దొరికిన అతి ప్రాచీన పాదరక్షలు ఇలాంటివే.

అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో, ఫోర్ట్ రాక్ గుహలో 1938లో లూథర్ క్రెస్‌మన్ తవ్వకాలు జరిపినప్పుడు డజన్లకొద్దీ చెప్పులు బయటపడ్డాయి. సేజ్‌బ్రష్ అనే పొద బెరడును పేని అల్లిన ఆ చెప్పుల వయసు 9 వేల ఏళ్ల పైమాటే. ఆర్మేనియాలోని అరేనీ గుహలో 2008లో దొరికిన తోలు బూటు సుమారు 5,500 ఏళ్ల నాటిది. ఒకే ఆవు తోలు ముక్కను పాదం చుట్టూ మడిచి, ముందూ వెనకా చీలికలు పెట్టి, తోలు వారుతో బిగించారు. లోపల గడ్డి కుక్కి ఉంది. పైన గొర్రెల పెంట దట్టంగా పేరుకోవడంతో అది వారుతో సహా చెడకుండా నిలిచింది.

గుహలో భద్రంగా ఉన్న తోలు రాళ్ల దారిలో అన్నాళ్లు నిలవదు. తడిస్తే మెత్తబడుతుంది, రాపిడికి అరుగుతుంది. ఈ చిక్కును తీర్చింది రబ్బరు. గంధకం కలిపి వేడిచేస్తే రబ్బరు ఎండకు కరగకుండా, చలికి పగలకుండా ఉంటుందని చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టి, 1844లో అమెరికాలో పేటెంటు పొందాడు.

మెక్సికోలోని చివావా కొండల్లో ఉండే రారామురి జనం తోలు అడుగుల బదులు పాత టైరు ముక్కలు కోసి, వార్లు కట్టి వరాచెలనే చెప్పులు చేసుకోసాగారు. రాపిడిని తట్టుకునేందుకు టైరు రబ్బరులో కార్బన్ మసి కలుపుతారు. లోపలి దారాల పొరల వల్ల వారు కోసం వేసిన చిల్లు చిరగదు. 1993లో కొలరాడోలో జరిగిన 160 కిలోమీటర్ల లెడ్‌విల్ పరుగులో 55 ఏళ్ల విక్టోరియానో చురో అలాంటి చెప్పులతోనే మొదటి స్థానం సాధించాడు. తెలుగు పల్లెల్లోనూ టైరు చెప్పులు ఎందరికో పొలం పనుల్లో తోడుగా నిలిచాయి.

1970ల నుంచి పరుగు బూట్లలోకి మందపాటి ఫోమ్ వచ్చింది. దానికి ఎదురుగా, రాబర్ట్ ఫ్లిరి ఆలోచనతో ఇటలీ కంపెనీ విబ్రామ్ 2005 ప్రాంతంలో ఐదు వేళ్ల బూట్లను మార్కెట్లోకి తెచ్చింది. రారామురి పరుగుల గురించి క్రిస్టఫర్ మెక్‌డూగల్ రాసిన పుస్తకం 2009లో రాగానే ఈ బూట్లకు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. ఇవి పాదాలను బలపరుస్తాయన్న ప్రచారానికి ఆధారాలు లేవంటూ దాఖలైన దావాను 2014లో విబ్రామ్ 37.5 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది.

రోజువారీ నడకలో ఈ బూట్ల మన్నికకు ఒక అనుకూలత ఉంది. మందపాటి బూట్లలో సోల్ ఇంకా అరగకముందే ఫోమ్ అణిగిపోవచ్చు. వీటిలో అణగడానికి ఫోమే లేదు. ఆయుష్షంతా కొద్ది మిల్లీమీటర్ల రబ్బరు మీద, వేళ్లు వంగేచోట పైబట్ట మీద ఆధారపడుతుంది. తారు రోడ్డు మీద మడమ ఈడ్చి నడిస్తే ఆ రబ్బరు త్వరగా అరుగుతుంది. సోల్‌ను జిగురుతో అతికించిన బూట్లను బాగుచేయడం కష్టం. వరాచెకైతే అరిగిన అడుగు తీసి, కొత్త ముక్క కోసి కట్టుకుంటే సరిపోతుంది. అందుకే ఈ రకం బూట్లు కొనేటప్పుడు పల్చదనంతో పాటు సోల్ మార్చే వీలుందో లేదో కూడా చూసుకోవాలి.