ట్రాన్స్‌ఫార్మరు కథ – నేను నేర్చుకున్న పాఠం



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు కోరినప్పుడు, ముప్పై ఐదేళ్లు నాకు అన్నం పెట్టిన వస్తువు గురించే రాద్దామనిపించింది. అదే ట్రాన్స్‌ఫార్మరు. వీధి చివర ఉన్న దాన్ని రోజూ అందరూ చూస్తారు గాని, కరెంటు పోతే తప్ప ఎవరూ తలచుకోరు.

పుట్టుక

1831 ఆగస్టు 29న లండన్‌లో మైకేల్ ఫారడే ఒక ఇనుప కడియానికి రెండు వైపులా రెండు తీగచుట్లు చుట్టాడు. మొదటి చుట్టకు బ్యాటరీ తగిలించిన క్షణంలోను, తీసిన క్షణంలోను రెండవ చుట్ట దగ్గర పెట్టిన అయస్కాంతపు సూది కదిలింది. కరెంటు నిలకడగా పారుతున్నంతసేపు మాత్రం కదలలేదు. అంటే మారే కరెంటే పక్క చుట్టలో కరెంటు పుట్టిస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు రహస్యమంతా ఇంతే. డి.సి. మీద అది పనిచేయకపోవడానికి కారణమూ ఇదే.

1882లో ఎడిసన్ న్యూయార్కులో 110 వోల్టుల డి.సి. సరఫరా ప్రారంభించాడు. కాని మైలు దూరం దాటితే దీపాలు మసకబారేవి. తీగలో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజి పదింతలు చేస్తే కరెంటు పదోవంతు అవుతుంది, నష్టం నూరోవంతుకు పడిపోతుంది. అలాగని వేల వోల్టులు ఇంట్లోకి తేలేము గదా! దూరం పంపేటప్పుడు పెంచాలి, ఇంటి దగ్గర దించాలి.

ఫ్రాన్సు దేశస్థుడు గోలార్డ్, ఆంగ్లేయుడు గిబ్స్ కలిసి ఒక పరికరం చేసి 1883లో లండన్‌లో ప్రదర్శించారు. అందులో ఒక దీపం ఆర్పితే మిగిలిన దీపాల వెలుగు మారేది. ఆ లోపాన్ని సరిదిద్దినవారు బుడాపెస్టులోని గంజ్ కర్మాగారపు ఇంజనీర్లు జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ. 1885లో వారు పూర్తిగా మూసిన ఇనుప కోర్ వాడి, ట్రాన్స్‌ఫార్మర్లను సమాంతరంగా కలిపారు. ట్రాన్స్‌ఫార్మరు అన్న పేరు కూడా వారు పెట్టినదే. 1891లో జర్మనీలో లౌఫెన్ నుండి ఫ్రాంక్‌ఫర్టుకు 175 కిలోమీటర్ల దూరం త్రీఫేజ్ కరెంటు పంపి చూపించాక ప్రపంచానికి సందేహం తీరిపోయింది.

మన ప్రాంతంలో 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు వచ్చింది. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. ఆ తరువాతి దశాబ్దాలలో పల్లె పల్లెకూ స్తంభం, పొలం పొలానికీ మోటారు చేరాయి. 1999లో బోర్డు విడిపోయి జెన్‌కో, ట్రాన్స్‌కో అయింది. పేర్లు మారినా దిమ్మె మీది డబ్బా మారలేదు.

లోపల ఏముంది?

మనం చూసే 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు 11 వేల వోల్టులను 433 వోల్టులకు దించుతుంది. పైవైపు 5 ఆంపియర్ల పైచిలుకు పారితే కిందివైపు 133 ఆంపియర్లు వస్తుంది. లోపల సిలికాన్ ఉక్కు రేకుల కోర్, దాని మీద కాగితం చుట్టిన తీగచుట్లు, అన్నీ నూనెలో మునిగి ఉంటాయి. నూనె రెండు పనులు చేస్తుంది: వేడిని బయటకు మోస్తుంది, ఇన్సులేషనుగా నిలుస్తుంది. దాని శత్రువు తేమ.

లోడు పెరిగితే నూనె వ్యాకోచించి గాలిని బయటకు నెడుతుంది, చల్లబడితే గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ గాలిలోని తేమను బ్రీదర్‌లోని సిలికాజెల్ పట్టేస్తుంది. మా రోజుల్లో అది నీలంగా ఉంటే మంచిది, గులాబీ రంగుకు తిరిగితే మార్చాలి.

నా తప్పు

1983లో రాయలసీమలో ఒక సెక్షనులో పనిచేస్తున్నాను. బోర్ల కింద వేరుశనగ వేసిన ఒక ఊరిలో ట్రాన్స్‌ఫార్మరు చూడవలసిన వంతు నాది. సాయంత్రమైంది, సైకిలు మీద ఇల్లు చేరాలి. దూరం నుంచే చూసి రిజిస్టరులో "సరిచూడడమైనది" అని రాసి సంతకం పెట్టాను. జెల్ గులాబీ రంగుకు వచ్చి ఎన్నాళ్లయిందో నేను చూడలేదు. వానలు వెళ్లాక, కాయ ఊరే సమయంలో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. రైతులు చందాలు వేసుకుని ట్రాక్టరులో రిపేరుకు తీసుకుపోయారు. తిరిగి వచ్చేసరికి పదకొండు రోజులు. విప్పినప్పుడు అడుగున నీళ్లు కనబడ్డాయి.

ఒక ముసలి రైతు నా దగ్గరకు వచ్చి, "నాయనా, మా ఎద్దు పడిపోయే ముందు గసపోసుకుంటాది, అది సూసి మేము మడక ఆపుతాం. మీ డబ్బా కూడా ఏమన్నా గుర్తు సూపిస్తాదా?" అని అడిగాడు. ఆయనకు కోపం లేదు, తెలుసుకోవాలని అడిగాడు. చూపిస్తుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పైవారు నన్ను ఏమీ అనలేదు, రిజిస్టరులో సంతకం ఉంది గదా. ఆ సంతకమే నన్ను పదవీ విరమణ దాకా వెంటాడింది.

చూడవలసినవి

ఆ తరువాత నా కింద చేరిన ప్రతి కుర్రవాడికీ ఇవే చెప్పాను. ఎల్.సి. తీసుకుని, ఎ.బి. స్విచ్ తెరిచి, ఎర్త్ చేయనిదే చెయ్యి పెట్టకు. జెల్ రంగు, నూనె మట్టం, గ్యాస్కెట్ల దగ్గర కారడం చూడు. నూనె పరీక్షలో 2.5 మిల్లీమీటర్ల ఖాళీలో కనీసం 30 కిలోవోల్టులు తట్టుకోవాలి. బుషింగులు తుడువు. న్యూట్రల్ ఎర్తింగు వదులైతే ఇళ్లలో టీవీలు కాలతాయి, ఎండాకాలంలో ఎర్త్ గుంతలో నీళ్లు పోయడం మరవకు. ఫ్యూజు పోయిందని మందం తీగ వేయకు. ఫ్యూజు కాలకపోతే ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. మూడు ఫేజుల మీద లోడు సమంగా పంచు. అయిదు హార్స్‌పవర్ మోటార్లు పదిహేడు దాటితే 100 కె.వి.ఎ. మీద బరువు ఎక్కువైనట్టే. వేడి హద్దు దాటాక ప్రతి 6 డిగ్రీలకూ లోపలి కాగితం ఆయుర్దాయం సగమవుతుంది.

కుటుంబ సభ్యులకు ఒక మనవి. వీధిలో ట్రాన్స్‌ఫార్మరు నుంచి నూనె కారుతున్నా, నిప్పురవ్వలు వస్తున్నా దగ్గరకు పోవద్దు, 1912కు చెప్పండి. దాని కంచెకు పశువులను కట్టవద్దు, బట్టలు ఆరవేయవద్దు.

మన పిల్లలలో కొందరు ఇప్పుడు ఇదే శాఖలో ఉన్నారు. వారికి నేను చెప్పేది ఒకటే: ముందు చూడండి, ఆ తరువాతే సంతకం పెట్టండి.

సెలవు.