బస్తరు ఇనుము – విశాఖ రేవు: ఒక ఒడంబడిక పాఠము

బస్తరు అనగానే మన తెలుగువారికి మొదట స్ఫురించునది కాకతీయుల అనంతర చరిత్ర. ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి అచట రాజ్యము నెలకొల్పెనని అక్కడి రాజవంశమువారి ఐతిహ్యము. అది కత్తి చరిత్ర. నేను చెప్పదలచినది కాగితపు చరిత్ర. దస్త్రముల నడుమ రెండు దశాబ్దములు గడపిన వానికి కత్తికన్న కాగితము మీదనే చూపు నిలుచుట సహజమని సభ్యులు మన్నింతురు గాక.

ఈ కాగితపు చరిత్ర ఇనుప ఖనిజముతో మొదలగును. బస్తరు దక్షిణమున, నేటి దంతెవాడ జిల్లాలో, ఎద్దు మూపురము వలె కనబడుట చేత బైలదిల్లా యని పేరొందిన కొండవరుస కలదు. అందలి ఇనుప నిక్షేపములకు ఒకటి మొదలు పదునాలుగు వరకు సంఖ్యలు పెట్టిరి. 1960లో జపానుతో కుదిరిన ఒప్పందము ప్రకారము ఏటా నలుబది లక్షల టన్నుల ఖనిజమును ఇచటినుండి పంపవలసి యుండెను. అందుకొరకే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గము పుట్టినది. అనంతగిరి, అరకు మీదుగా విహారయాత్రకు పోయిన మనవారు ఆ సొరంగములను లెక్కించియే యుందురు. మొత్తము 58. శిమిలిగుడ వద్ద మార్గము సముద్రమట్టమునకు వేయి మీటర్లకు కొంచెము తక్కువ ఎత్తున పోవును. 1968లో పదునాలుగవ నిక్షేపమున ఉత్పత్తి ఆరంభమాయెను. దానికి మూడేండ్ల ముందే, 1965లో, విశాఖ రేవులో ఖనిజమును ఓడకెత్తు యంత్రసామగ్రి సిద్ధమైనది.

కావున ఒకే రాయికి రెండు చివరల ఇద్దరు కార్మికులు. కొండమీద రాయిని త్రవ్వువాడొకడు, సముద్రమువద్ద సరుకు ఎత్తువాడొకడు. ఈ ఇద్దరి చేతులలో నున్న కాగితములను పోల్చి చూచుటయే నా ఉద్దేశము.

మొదట రేవు సంగతి. పూర్వము మన రేవులలో పని అనునది మేస్త్రీ దయ. ఓడ వచ్చిన దినమున పని, రాని దినమున పస్తు. గుంపులోనుండి మేస్త్రీ వేలు చూపినవాడే లోపలికి పోవును. ఆ వేలికి వెల కూడ ఉండెడిది. 1931లో విట్లీ అధ్యక్షతన గల రాయల్ కమీషను ఈ పద్ధతిని తప్పుపట్టి, రేవు కార్మికుల పేర్లు పట్టికలో నమోదు కావలెనని సూచించెను. ఆ సూచన చట్టమగుటకు పదునేడేండ్లు పట్టినది. 1948లో రేవు కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ చట్టము వచ్చినది. దాని క్రింద బొంబాయి, కలకత్తా, మద్రాసులలో ముందుగా బోర్డులేర్పడినవి. విశాఖపట్టణమునకు 1959లో పథకము వచ్చినది. పట్టికకెక్కని వారి కొరకు 1968లో వేరొక పథకము కావలసి వచ్చినది. పేరు పట్టికలో నున్నవానికి వరుసక్రమమున పని. పని లేని దినమున హాజరైనందుకు కొంత భత్యము.

పేరెక్కినంత మాత్రమున బ్రతుకు తేలికపడలేదు. పట్టిక వెనుక పథకము, పథకము వెనుక ఒడంబడిక, ఒడంబడిక వెనుక చట్టము. వేతన స్కేళ్లు, రాత్రి షిఫ్టు భత్యము, ఇంత టన్నేజి దాటిన ఇంత అదనమను లెక్క (దీనిని రేవువారు డేటమ్ అందురు), గ్యాంగులో ఎందరుండవలెనను నిబంధన, అన్నియు అందులోనే. 1964లో కేంద్ర ప్రభుత్వము రేవు కార్మికులకు వేతన బోర్డును నియమించెను. దాని సిఫారసులు 1969లో వచ్చినవి. పిమ్మట సమాఖ్యలకును యాజమాన్యములకును నడుమ ఒడంబడికలు జరుగు ఆచారము స్థిరపడినది. పత్రము ఆంగ్లము, కళాసీ తెలుగువాడు. ఎవరు చదివి చెప్పవలెను?

1958లో నాగపూరు కేంద్రముగా నేర్పడిన కేంద్ర కార్మిక విద్యా బోర్డు ఈ లోటును గుర్తించినది. మన కేంద్ర ప్రభుత్వపు పథకములలో ఇంత నిశ్శబ్దముగా పనిచేసినవి కొద్ది. విద్యాధికారులు కొందరు కార్మికులకు శిక్షణ నిత్తురు. వారు ‘కార్మిక ఉపాధ్యాయులు’ అయి తిరిగి వచ్చి తోటివారికి తరగతులు నడుపుదురు. చుట్ట కాల్చుకొనుచు వినుటకు వచ్చినవాడు కూడ విద్యార్థియే. పట్టా లేని చదువిది. పరీక్ష మాత్రము ప్రతి నెల జీతపు రోజున వచ్చును. చీటీ చేతికందగానే, కలిపినదేది, కోసినదేది, ఏ నిబంధన క్రింద అని అడుగగలిగినవాడే ఉత్తీర్ణుడు.

ఈ పాఠములో కఠినమైన అధ్యాయమొకటి కలదు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టములో, రాజీ అధికారి సమక్షమున కుదిరిన ఒడంబడిక ఆ సంస్థలోని కార్మికులందరికిని, తరువాత చేరబోవు వారికిని గూడ చెల్లెను. సమక్షము లేక ఇరుపక్షములు తమలో తాము కుదుర్చుకొన్నది సంతకము చేసిన పక్షములకే చెల్లెను. గడువు తీరినంత మాత్రమున ఒడంబడిక చచ్చిపోదు. ఆ చట్టము అమలులో నున్నంతకాలము, ఒక పక్షము వ్రాతపూర్వకముగా నోటీసిచ్చి రెండు నెలలు గడచువరకు జీవించియే యుండెడిది. మనుషులను తగ్గించు యంత్రము తెచ్చినను, షిఫ్టులు మార్చినను ఇరువదియొక్క రోజుల ముందు నోటీసు ఈయవలెను. ఈ నాలుగు వాక్యములు కంఠస్థమైన కార్మికుని వద్దకు పోయి ‘పాతది రద్దైనది’ అని చెప్పుట ఏ అధికారికైనను కష్టము.

ఇపుడు కొండమీదికి పోదము. బైలదిల్లాలో శాశ్వతోద్యోగులతో పాటు గుత్తేదారుల క్రింద వేలమంది చేతితో ఖనిజము ఏరుచు, పగులగొట్టుచు జీవించిరి. వారిని తెచ్చినవాడు గుత్తేదారు, కూలి యిచ్చువాడు గుత్తేదారు, పొమ్మనువాడును అతడే. 1970లో గుత్త కార్మికుల చట్టము వచ్చినను, గని యజమానికిని వారికిని నడుమ సూటియైన ఒడంబడిక లేదు. జపాను కొనుగోలు తగ్గి, యంత్రముల ఆలోచన హెచ్చిన 1978లో ఆ వేలమందిని తొలగించుటకు పూనుకొనిరి. సంఘము ఆందోళన చేసినది. ఏప్రిల్ 5న కిరండూల్‌లో పోలీసు కాల్పులు జరిగి పలువురు కార్మికులు మరణించిరి. ఒక పోలీసు జవానును మృతుడయ్యెను. కార్మికుల గుడిసెలు తగులబడినవి.

ఒడంబడిక యుండిన కాల్పులు జరుగకుండునని వాదించుట అమాయకత్వము. కాని యంత్రము వచ్చుచున్నదని తెలిసినపుడు ఎవరితో మాటాడవలెను, ఎన్ని దినముల ముందు, ఏ పరిహారముపై అను ప్రశ్నలకు రేవువానికి చోటు కలదు, కొండవానికి లేకపోయెను. అమెరికా పడమటి తీరపు రేవు కార్మికులు 1960లో హారీ బ్రిడ్జెస్ నాయకత్వమున యంత్రములను అంగీకరించుచు, ప్రతిఫలముగా పట్టికలోని వారికి ఉపాధికి హామీయు, ముందుగా విరమించువారికి నిధియు వ్రాయించుకొనిరి. యంత్రము రెండు తీరములకును వచ్చినది. వ్రాయించుకొనుటకు ఒక బల్ల, ఆ బల్లకడ ఒక కుర్చీ ఉండుటలోనే భేదము. నిజమునకు ఆ అమెరికా పత్రము సైతము పట్టికలో పేరున్నవారినే ముందుగా కాపాడినది.

మన రేవులలో ఆ కుర్చీ నిలిచియున్నది. 2024 ఆగస్టు 28న మొదలు కావలసిన సమ్మె ముందునాటి అంగీకారముతో ఆగినది. 2022 జనవరి 1 నుండి వర్తించునట్లు ఎనిమిదిన్నర శాతపు పెంపునకు ఇరుపక్షములు సమ్మతించినవి. ఆ పత్రమును చదువవలసిన శాశ్వత కార్మికులు మాత్రము ఏటేట తగ్గుచున్నారు. రేవు గేటులోనికి నేడు పోవువారిలో గుత్తవారును పలువురు కలరు. వారికి పాఠము చెప్పుటకు ముందు, వారి పేరు ఏ పత్రమున నున్నదో వెదుకవలసి యున్నది.