ఓడకొయ్యలో దాగు కుళ్ళు



నేటి నా ప్రసంగమునకు విషయము కొయ్య యోడలకు లోలోపల పట్టు కుళ్ళు. ఇది వడ్రంగుల ముచ్చట గదా, దీనికి చరిత్రతో నేమి పని యని మీ రడుగవచ్చును. ఓడలు తుపానులలో మునిగిన విధమును, శత్రువుల ఫిరంగులకు బ్రద్దలయిన విధమును చరిత్రగ్రంథములు విపులముగా వర్ణించును. కాని ఆంగ్లేయుల నౌకాబలమును రెండు శతాబ్దములపాటు పీడించిన యొక శత్రువునకు జెండా లేదు, చప్పుడు లేదు. అది ఓడ రేవులో కట్టబడి యున్నప్పుడే, పైపలకలకు రంగు నిగనిగలాడుచుండగనే, లోపలి దూలములను తినివేసెను. దానిని పసిగట్టుటకు మనుష్యులు చేసిన ప్రయత్నములును, పసిగట్టియు పైకి చెప్పకుండుటకు చేసిన ప్రయత్నములును చరిత్రలో భాగములే.

ముందుగా ఈ వ్యాధి స్వరూపము తెలిసికొనవలెను. ఇది చెదలు కాదు, పురుగు కాదు. వానకాలమున చెత్తకుప్పలపై మొలచు పుట్టగొడుగుల జాతికి చెందిన శిలీంధ్రము. కంటికి కానరాని దాని బీజములు గాలిలో ఎల్లప్పుడు నుండును. కొయ్యలో చెమ్మ నూటికి 20 పాళ్ళకు లోబడి యున్నంతవరకు అవి మొలకెత్తజాలవు. చెమ్మ అంతకు మించి, కొంచెము గాలియు, కొంచెము వెచ్చదనమును తోడైనచో అవి దారములవలె కొయ్యలోనికి ప్రాకి దాని బలమును హరించును. మిగులునది ఆకారము మాత్రమే. ఆంగ్లేయులు దీనిని ఎండుకుళ్ళు అని పిలిచిరి. చీకిన కొయ్య ఎండి పొడియగుటచేత ఆ పేరు వచ్చినది కాని, చెమ్మ లేనిదే అది పుట్టదు.

బాగుగా ఎండిన కొయ్య చీకదు. పూర్తిగా నీట మునిగి గాలి తగులని కొయ్యకును ఈ కుళ్ళు పట్టదు. స్వీడను దేశపు ‘వాసా’ యను రాజనౌక 1628లో స్టాక్‌హోమ్ రేవున మునిగి, 333 సంవత్సరములు బురదలో నుండి, 1961లో పైకి తీయబడినప్పుడు దాని దూలములు చాలవరకు గట్టిగానే యుండెను. ఆపద ఈ రెంటికి నడుమ నున్నది. మన పొలములలో పాతిన గుంజను పెరికి చూడుడు. పైభాగము గట్టిగా నుండును, లోతున నున్న మొనయు తరచుగా గట్టిగానే యుండును. నేలయు గాలియు కలియు చోటనే అది చీకి విరుగును. ఓడలో అట్టి చోటులు వేలకొలది గలవు. లోపలి పలకకును వెలుపలి పలకకును నడుమ గాలి యాడని సందులు, మేకులు దిగిన రంధ్రములు, పైతట్టు పగుళ్ళనుండి వాననీరు జారి నిలుచు మూలలు, ఇవియే దాని నివాసములు. సముద్రపు ఉప్పునీరు కొయ్యను కొంత కాపాడును. వాననీరే దానికి ఆహారము.

ఇక చరిత్రకు వత్తము. 1677లో ఇంగ్లండు పార్లమెంటు 30 క్రొత్త యుద్ధనౌకలను కట్టుటకు ధన మిచ్చెను. వాని నిర్మాణమునకై పాటుపడినవారిలో నౌకాశాఖ కార్యదర్శి శామ్యూల్ పీప్స్ ముఖ్యుడు. 1679లో ఆయన పదవి పోయినది. 1684లో మరల పదవిలోనికి వచ్చి చూచునప్పటికి, ఆ నౌకలలో పెక్కు సముద్రయానమే యెరుగకుండ రేవులో నిలిచి చెడియుండెను. ఆయన గదిలో కూర్చుండి నివేదికలు చదువలేదు. ఓడల అడుగుభాగములలోనికి స్వయముగా దిగెను. తన పిడికిలి యంత పుట్టగొడుగులను తన చేతులతోనే కోసితినని 1690లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను.

అప్పుడు కారణమును గూర్చి వివాదము పుట్టెను. బాల్టిక్ సముద్రతీరమునుండి తెచ్చిన పలకలు నాసివగుటయే కారణమని బాధ్యులు వాదించిరి. పలకలది దోషము కాదు, ఓడల కిటికీలు తెరచి గాలి యాడనీయకపోవుటయు, అడుగున చేరిన మురికిని కడుగకపోవుటయు, చెడిన పలకను వెంటనే మార్చకపోవుటయు కారణములని పీప్స్ వాదించెను. పీప్స్ నిష్పక్షపాతి కాడని మనము గుర్తింపవలెను. ఆయన నిందించినవారు ఆయన స్థానమున కూర్చున్నవారే. అయినను కొయ్య స్వభావము తెలిసినవారికి ఆయన మాటలలో సత్యము కానవచ్చును. 1686లో ప్రత్యేకసంఘము నేర్పడి ఆ నౌకలను బాగుచేయుట కారంభించెను.

రెండవ కథ శోకకరమైనది. 1756లో నీటికి దింపబడిన ‘రాయల్ జార్జ్’ నూరు ఫిరంగుల మహానౌక. 1782 ఆగస్టు 29వ తేదీ ప్రాతఃకాలమున అది పోర్ట్స్‌మత్ నగరమునకు సమీపమున స్పిట్‌హెడ్ వద్ద లంగరు వేసియుండెను. నీటిమట్టమునకు దిగువనున్న యొక గొట్టమును బాగుచేయుటకై ఫిరంగులను జరిపి ఓడను ఒకప్రక్కకు ఒరిగించిరి. నావికులను చూడవచ్చిన భార్యలు, బిడ్డలు, సరకు లమ్ముకొనువారు ఓడలో నిండియుండిరి. ఒరిగిన ప్రక్క ఫిరంగి కిటికీలనుండి నీరు చొచ్చి, ఓడ కొలది నిమిషములలో మునిగిపోయెను. అడ్మిరల్ కెంపెన్‌ఫెల్ట్ మొదలుకొని 800 మందికి పైగా మరణించిరి.

బ్రదికి బయటపడిన కెప్టెన్ వాగ్‌హార్న్‌పై సైనికన్యాయస్థానము విచారణ జరిపెను. పూర్వము ఆ ఓడ మరమ్మతులో నున్నప్పుడు దాని కొయ్యలు మిక్కిలి చెడియుండెనని సాక్ష్యము వచ్చెను. ఓడ యింత త్వరగా మునుగుటకు దాని చట్రములో నొక ముఖ్యభాగము విరిగియుండవలెననియు, కొయ్యలు చీకియుండుటయే దానికి హేతువనియు న్యాయాధిపతులు అభిప్రాయపడి, కెప్టెనును, అధికారులను, నావికులను నిర్దోషులని విడిచిరి. ఓడ మితిమీరి ఒరిగించుటయే ముఖ్యకారణమని అటుపిమ్మట పెక్కుమంది చరిత్రకారులు తలచిరి.

నేనీ రెండు కథలను ఒకదాని ప్రక్కన నొకటి చెప్పుటకు కారణము కలదు. లోపల దాగిన కుళ్ళు ఓడను ముంచుట యొక కీడు. మునిగిన పిదప ప్రతివాడును ఆ కుళ్ళునే చాటుచేసికొనుట మరియొక కీడు. అడుగంటిన ఓడ సాక్ష్యము చెప్పదు. కుళ్ళు నిజముగా నుండెనా, ఉండినయెడల అధికారు లెరిగియు దాని నేల సముద్రముపై నుంచిరి, లేనియెడల ఒరిగించినవాని తప్పెంత? ముందుగా పరీక్షించి వ్రాసియుంచిననాడే ఈ ప్రశ్నలకు సమాధాన ముండును. కావున కుళ్ళును వెదకుట వడ్రంగి నైపుణ్యము మాత్రమే కాదు, బాధ్యత నెవరిపై మోపవలెనో తేల్చు ధర్మము కూడ.

పందొమ్మిదవ శతాబ్ద ప్రారంభమున నెపోలియనుతో యుద్ధములు ముమ్మరముగా జరుగుచుండగా ఓక్ కలపకు కరువు వచ్చెను. పచ్చికొయ్యను ఆరబెట్టుటకు తీరిక లేకపోయెను. 1810లో దింపిన ‘క్వీన్ షార్లట్’ అను మహానౌక యుద్ధమునకు పోకముందే కుళ్ళిపోయినట్లు కనుగొనిరి. దానిలో మొలచిన శిలీంధ్రములను పరీక్షించుటకు జేమ్స్ సవర్‌బీ యను వృక్షశాస్త్రజ్ఞుని పిలువవలసి వచ్చెను. రంగు వేసి మూసిన పచ్చికొయ్య తన చెమ్మను తనలోనే దాచుకొనును. పైమెరుగే లోపలి రోగమునకు దుప్పటి యగును. ఆ యనుభవమునుండియే కొయ్యకు మందు పెట్టు విధానములు వృద్ధియయ్యెను. 1832లో కయాన్ పాదరసపు విషలవణముతోను, 1838లో బెతెల్ బొగ్గుతారునుండి తీసిన నూనెతోను కొయ్యను తడుపు పద్ధతులకు హక్కుపత్రములు పొందిరి. రైలుదారి పట్టాలక్రింది దూలములకు ఈ నూనెమందు చిరకాలము వాడబడినది.

ఈ సందర్భమున మన దేశపు టేకును తలచుట న్యాయము. టేకులో సహజముగా నుండు నూనె శిలీంధ్రమును దరిజేరనీయదు. బొంబాయి ఓడల కార్ఖానాలో వాడియా వంశపు పార్సీ నిర్మాతలు కట్టిన టేకు నౌకలను ఆంగ్లేయ నౌకాదళము కోరి తీసికొనెను. అక్కడ 1817లో దింపబడిన ‘ట్రింకోమలి’ నౌక నేటికిని ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ పట్టణమున నీటిపై తేలుచునే యున్నది. మన గోదావరి ముఖమున కోరంగి రేవులో పూర్వము ఓడలు కట్టుటయు, బాగుచేయుటయు జరుగుచుండెను. 1839 నాటి తుపాను ఆ రేవును ధ్వంసము చేసినను, సమీపమున తాళ్ళరేవు ప్రాంతమున కొయ్యపడవలు కట్టు విద్య నిలిచినది.

ఓడలు ఇనుముతోను ఉక్కుతోను కట్టబడిన పిమ్మట ఈ కుళ్ళు కథ ముగిసెనని తలపవచ్చును. ముగియలేదు, వేషము మార్చినది. 1922లో అమెరికా దేశపు మిన్నెసోటా రాష్ట్రమున పెపిన్ సరస్సుపై రాల్ఫ్ శామ్యూల్‌సన్ అను యువకుడు కాళ్ళకు రెండు పలకలు కట్టుకొని, మరపడవకు కట్టిన త్రాడు పట్టుకొని నీటిపై నిలిచి జారెను. ఈ యాటకు స్కీ యని పేరు. దీనికై వేగముగల పడవలు ప్రత్యేకముగా కట్టబడినవి. 1940 దశకము తరువాత గాజునారను రెజిన్ అను జిగురుతో పోతపోసి పడవల ఒడలు చేయు పద్ధతి వ్యాపించెను. గాజునార చీకదు. కాని ఆ ఒంటికి బలమిచ్చు పొడుగు దూలములను, అడుగు నేలను, వెనుక గోడను చిరకాలము కొయ్యతోను, ప్లైవుడ్‌తోను చేసి పైన గాజునార కప్పిరి. మర బిగించిన బోల్టుల వెంట, మేకుల వెంట నీరు లోనికి దిగును. దిగిన నీరు తిరిగి రాదు. పీప్స్ చూచిన మూసిన కిటికీల కథయే మరల జరిగినది. 1990 దశకమునాటికి కొందరు నిర్మాతలు కొయ్యను పూర్తిగా విడిచిరి. అంతకు పూర్వపు పడవలు పెక్కు ఇప్పటికిని చేతులు మారుచున్నవి.

అట్టి పాతపడవను పరీక్షించు పద్ధతి పూర్వపు ఓడవడ్రంగి పద్ధతియే. మొదటిది చెవి. సంతలో కుండను కొనునప్పుడు వ్రేలితో కొట్టి చూడనివారెవరు? అట్లే చిన్న సుత్తితో దూలము పొడుగునను, వెనుక గోడ యంతటను కొట్టుచు పోవలెను. గట్టి కొయ్య ఖంగున పలుకును, చీకినది బొద్దుగా మూల్గును. రెండవది పాదము. నేలపై నడచునప్పుడు మెత్తగా దిగు చోటును గుర్తింపవలెను. మూడవది మేకు. మర బిగించిన బోల్టులలో నొకదానిని విప్పి చూడవలెను. మర పట్టు లేక ఊరక తిరిగినను, నీరు కారినను, తడిసిన గోధుమవన్నె పొడి అంటుకొని వచ్చినను లోపల చెడినదని తెలియును. నాలుగవది రంధ్రము. యజమాని యనుమతితో లోపలివైపున సన్నని రంధ్రము తొలిచి పొట్టును చూడవలెను. లేతవన్నెతో పొడిగా రాలిన మేలు, నల్లగా తడిగా వచ్చిన కీడు. పిదప ఆ రంధ్రమును జిగురుతో మూయవలెను. చెమ్మను కొలుచు యంత్రములును గలవు కాని, దగ్గర లోహమున్నను, పైభాగము తడిగా నున్నను అవి భ్రమ పుట్టించును. యంత్రము అనుమానము నిచ్చును, నిర్ణయమును చేయి చేయవలెను.

ఈ పరీక్షలన్నియు సొమ్ము చెల్లింపక పూర్వము చేయదగినవి. మనలో స్కీ పడవలు కొనువా రరుదు. అయినను ఇంటి దూలములు, దేవాలయపు రథములు, రేవుపడవలు మన సంరక్షణలో నున్నవి. క్రొత్తరంగు వేయించుటకు ముందు సుత్తితో నొకమారు కొట్టించుడు. గాలి యాడుటకు దారి యున్నదో లేదో చూడుడు. చూచినదానిని తేదీతో వ్రాసియుంచుడు. ఆ వ్రాత యుండినచో రేపు మీ తరువాతివారు ఎవరిని నిందింపవలెనో తెలియక తికమకపడరు. పరీక్ష సకాలమున జరిగియుండినచో నిందింపవలసిన పనియే రాకపోవచ్చును.